బందరు బజారు

కృష్ణా జిల్లాలో సముద్రమునకును, ఉప్పుటేటికిని చేరువగానున్న గ్రామములలో కృత్తివెన్ను యొకటి. వరిచేలు, చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు ఆ ప్రాంతమువారికి జీవనాధారములు. పెండ్లి బట్టలకుగాని, నగలకుగాని, పెద్ద వైద్యమునకుగాని అచ్చటివారు పోవు పట్టణము బందరు. దానికే మచిలీపట్టణమని మరియొక పేరు. 216వ సంఖ్యగల జాతీయ రహదారి కృత్తివెన్ను మీదుగా, పెడన మీదుగా సాగి బందరు చేరును. బందరు పోయినవారు మిఠాయి పొట్లము లేక ఇల్లు చేరుట అరుదు. తలుపు తీయకముందే పిల్లల చూపు చేతిసంచిపై పడును.

బజారునకు పోవుట రెండు విధములు. వస్తువును కొని తెచ్చుకొనుట యొకటి. ఆ వస్తువు అచ్చటనే ఏల పుట్టినదో, దానిని ఎవరు ఎట్లు చేయుచున్నారో తెలిసికొని వచ్చుట రెండవది. మొదటిదానికి డబ్బు చాలును. రెండవదానికి కొంత ఓర్పు కావలయును. బందరు బజారు ఈ రెండవ విధముగా చూడదగినది.

ముందుగా ఆ ఊరిలోని పేటల పేర్లను గమనింపవలెను. అచ్చట ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట అను పేటలు కలవు. వలందులనగా హాలెండు దేశస్థులు, పరాసులనగా ఫ్రెంచివారు. ఈ దేశములవారందరు ఒకప్పుడు ఇచ్చట వర్తకము చేసినవారే. గోలకొండ సుల్తానుల పాలనలో బందరు గొప్ప రేవుపట్టణము. 1611లో ఆంగ్లేయుల 'గ్లోబు' అను ఓడ ఈ రేవునకు వచ్చెను. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి బందరు కోటను గెలుచుకొనిరి. అయినను ఊరిలో ఒక చిన్న తావు మాత్రము ఫ్రెంచివారి హక్కుగా మిగిలి, 1947లో భారతదేశమునకు వచ్చెను.

మాటలుకూడ ఓడలతోపాటు ప్రయాణము చేయును. 'బందరు' అనగా పారసీక భాషలో రేవు. 'బజారు' అనునదియు పారసీకపదమే. 'కలంకారీ' అనగా ఆ భాషలో కలముతో చేయు పని. 'హల్వా' అరబ్బీ మాట. కొనవచ్చిన వారు తాము పలుకు మాటలలో నాలుగు పరదేశముల నుండి వచ్చినవని ఎఱుగకయే బందరు బజారులో కలంకారీ దుప్పటియు, హల్వాయు కొని పోవుచుందురు. రోలు, రోకలి, బెల్లము, నేయి మాత్రము అచ్చముగా మన యింటి మాటలు. ఈ రెండు తెగల మాటలు కలిసిన చోటనే బందరు మిఠాయి తయారగుచున్నది.

ఆ రేవు వైభవము నిలువలేదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి గొప్ప తుపాను వచ్చి సముద్రము పట్టణముపై బడెను. ఆ ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది మరణించిరని చరిత్ర చెప్పుచున్నది. తీరము మెరక వేసియుండుటచే పెద్ద ఓడలు ఒడ్డునకు రాజాలక దూరమున లంగరు వేయవలసివచ్చెడిది. 1933లో విశాఖపట్టణమున లోతైన ఓడరేవు తెరువబడెను. సరకులు ఆ దారి పట్టినవి. కొత్త రేవు నిర్మాణపు పనులు 2023లో ఆరంభమగువరకు బందరు పేరున మాత్రమే రేవుగా నుండెను. ఓడలు పోయినవి, కోఠీలు శిథిలమైనవి. కాని ఊరు బ్రతికినది. ఎట్లు బ్రతికినది? చేతిపనులవలన కొంత, మిఠాయివలన కొంత.

బందరు మిఠాయిలలో ముఖ్యమైనది తొక్కుడు లడ్డు. 'తొక్కుట' అనగా ఇచ్చట దంచుట. ఇతర లడ్డులకు బూంది దూసి, పాకమున వేసి, ఉండ చుట్టుదురు. ఆ లడ్డును త్రుంచిన బూంది గింజలు విడివిడిగా కనబడును. బందరు లడ్డులో గింజ కనబడరాదు. దానిని చేయు విధానమును తెలిసికొన్న ఆ భేదము బోధపడును.

ముందుగా శనగపిండిని నీటితో కలిపి, గొట్టములో నుంచి కాగిన నేతిలోనికి పూసవలె వత్తుదురు. అది మాడకుండ వేగినపిమ్మట తీసి, రోటిలో వేసి రోకళ్ళతో దంచుదురు. దంచిన పొడిని జల్లెడ పట్టుదురు. జల్లెడలో మిగిలిన పలుకులు మరల రోటిలోనికే పోవును. తరువాత బెల్లపు పాకము పట్టి, ఈ పొడిని అందులో కలుపుదురు. పాకము లేతగానున్న లడ్డు జారిపోవును, త్వరగా చెడును. ముదిరిన లడ్డు రాయి యగును. ఈ రెంటికి నడుమ పాకము నిలుచు కాలము స్వల్పము. దానిని గుర్తించుట అనుభవము గలవారికే సాధ్యము. పొడియు పాకమును కలిసిన ముద్దను మరల రోటిలో వేసి, కొంచెము కొంచెముగా నేయి పోయుచు దంచుదురు. కడపట ఏలకుల పొడి, పటికబెల్లపు పలుకులు, జీడిపప్పు చేర్చి ఉండలు చుట్టుదురు.

ఇన్ని మారులు ఏల దంచవలెనని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. వేగిన శనగపిండి గట్టి రేణువులుగా నుండును. దంచుకొలది ఆ రేణువులు చితికి సన్నమగును. సన్నని రేణువు చుట్టును నేయి పలుచని పొరగా పట్టును. అప్పుడు నాలుకకు గరుకు తగులక, ఉండ నోటిలో కరగిపోవును. పూస నేతిలో వేగునప్పుడే నీరు చాలవరకు ఆవిరియైపోవును. బెల్లపు పాకము మిగిలిన తేమను పట్టి యుంచును. తేమ లేనిచోట బూజు పెరుగజాలదు. కావుననే ఈ లడ్డు అనేక దినములు నిలువయుండును. దూరదేశములలోనున్న బిడ్డలకు పంపుటకు తల్లిదండ్రులు దీనిని ఎన్నుకొనుటకు ఇదియే కారణము.

హల్వా కథ వేరు. గోధుమలను నానబెట్టి, మెత్తగ రుబ్బి, పిండి పాలు తీయుదురు. ఆ పాలను కదల్పక ఉంచిన చిక్కని పిండి అడుగునకు దిగును. పైని తేరిన నీటిని వంచివేసి, చిక్కని పాలను బెల్లపు పాకములో పోసి, పొయ్యిపై నెక్కించి తెడ్డుతో కలుపుచుందురు. వేడికి పిండి రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బి, ఒకదానితో నొకటి అంటుకొని, జిగట పదార్థమగును. కలుపు చేయి ఒక్క నిమిష మాగినను అడుగంటును. నేయి పోయుచు కలుపగా కలుపగా, కొంతసేపటికి ముద్ద పాత్ర అంచులను వదలును. త్రాగిన నేయి మరల పైకి తేలును. అప్పుడు దింపుదురు. బెల్లము వలన నలుపు వన్నె వచ్చుటచే దీనిని నల్ల హల్వా యనియు అందురు. లడ్డు రోకలి వలన తయారైన మిఠాయి; హల్వా తెడ్డు వలన తయారైన మిఠాయి. రెంటికిని భుజబలమే మూలము.

ఈ విద్య బందరునకు ఎట్లు వచ్చినది? ఉత్తర దేశమునుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన బొందిలి కుటుంబములవారు దీనిని తెచ్చిరని పట్టణమున పరంపరగా చెప్పుకొందురు. బుందేలుఖండము నుండి వచ్చినవారగుటచే బొందిలులని పేరు వచ్చెనందురు. వారివద్ద పనిచేసినవారు నేర్చుకొనిరి. నేర్చినవారు వేరుగా దుకాణములు పెట్టుకొనిరి. ఈ విధముగా పరదేశి విద్య స్వదేశి విద్యయైనది. ఇది బందరునకు కొత్త కాదు. వచ్చినవారిని చేర్చుకొనుట రేవుపట్టణముల స్వభావము.

ఇచ్చట లోకములోని మరి రెండు బజారులను స్మరించుకొనుట మంచిది. అమెరికా దేశమున న్యూయార్కు నగరములో, హడ్సను నదికి చేరువగా, చెల్సీ మార్కెట్టు అను బజారు కలదు. అది మొదట బజారు కాదు, బిస్కత్తుల కర్మాగారము. 1898లో ఏర్పడిన నేషనల్ బిస్కట్ కంపెనీవారు అచ్చట అనేక భవనములలో పెద్ద పెద్ద పొయ్యిలు పెట్టి బిస్కత్తులు కాల్చెడివారు. నేడు లోకమంతట తెలిసిన ఓరియో బిస్కత్తు 1912లో అచ్చటనే మొదట తయారైనది. కాలము మారినది. ఒకే అంతస్తులో పొడవుగా సాగు కొత్త యంత్రములకు అంతస్తులపై అంతస్తులుగానున్న ఆ పాత భవనములు అనుకూలముగా లేకపోయెను. 1958లో ఆ సంస్థ తన పనిని పొరుగు రాష్ట్రమైన న్యూజెర్సీకి తరలించుకొనిపోయెను.

ఆ భవనములను కూలగొట్టవచ్చును. కాని 1990 తరువాత వానిని కొన్నవారు అట్లు చేయలేదు. ఇటుక గోడలను, ఇనుప స్తంభములను దాచక అట్లే యుంచి, క్రింది అంతస్తులో నడుమ ఒక పొడుగైన నడవ తీర్చి, దానికి ఇరుప్రక్కల రొట్టెల దుకాణములు, చేపల దుకాణములు, భోజనశాలలు, పుస్తకముల అంగడి ఏర్పాటు చేసిరి. 1997లో ఆ బజారు తెరువబడెను. జనులు తినుటకును, కొనుటకును, ఊరక చూచుటకును అచ్చటికి వత్తురు. 2018లో గూగుల్ సంస్థ ఆ భవనమును రెండువందల కోట్ల డాలర్లకు పైగా వెల యిచ్చి కొనెను.

రెండవది మన హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టు. దీనిని నిజాము ప్రభుత్వకాలమున 1935లో రాతితో కట్టిరి. గడియారపు గోపురము దాని గుర్తు. అది పండ్ల బజారుగా ప్రసిద్ధి చెందెను. దేశవిభజనానంతరము సింధుదేశము విడిచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నాని 1953లో ఆ ప్రాంతముననే కరాచీ బేకరీ స్థాపించెను. తరువాత పండ్ల వర్తకము నగరపు అంచునకు తరలిపోయెను. కట్టడము శిథిలము కాజొచ్చెను. దానిని బాగుచేసి 2020వ సంవత్సరము ఆగస్టు నెలలో మరల తెరచిరి. పండ్లు కొనుటకై తాతలు పోయిన చోటికి ఐస్‌క్రీము తినుటకై మనుమలు పోవుచున్నారు.

ఈ మూడింటిని పోల్చి చూడవలెను. న్యూయార్కులో భవనము మిగిలినది, బిస్కత్తు కాల్చు పొయ్యి పోయినది. హైదరాబాదులో గోపురము మిగిలినది, పండ్ల రాశులు పోయినవి. బందరులో దీనికి విపరీతము. వర్తకుల మేడలు పోయినవి, ఓడలు పోయినవి. పొయ్యియు, రోలును మిగిలినవి. అందుచే బందరునకు వచ్చినవారికి చూచి మెచ్చుకొనుటకు ఇటుక గోడలు లేవు. మామూలు దుకాణము, అద్దాల బీరువా, వెనుక వంటశాల, కనబడునది ఇంతే. కాని న్యూయార్కు బజారులో పూర్వము జరిగిన పనిని బొమ్మలలో చూచుకొనవలెను. బందరులో ఆ పని ఇప్పటికిని గోడకు ఆవలివైపున జరుగుచున్నది.

అయితే భవనమును కాపాడుటకంటె పనిని కాపాడుట కష్టము. గోడకు ఆకలి లేదు, అలసట లేదు. రోకలి పట్టు మనుష్యునకు రెండును కలవు. పొయ్యి సెగలో నిలిచి గంటలకొలది తెడ్డు త్రిప్పుట, రోటిలో పోటు వేయుట దేహమును అరగదీయు పనులు. ఆ కూలితో బిడ్డలను చదివించిన తండ్రి, తన కుమారుడుకూడ రోకలి పట్టవలెనని కోరడు. కోరకుండుట తప్పు కాదు. మరి అందరు బిడ్డలు చదివి వేరు ఉద్యోగములకు పోయిన లడ్డు ఎవరు దంచుదురు?

యంత్రము దంచునని కొందరు చెప్పుదురు. అది నిజమే. ఈ కాలమున దంచుడు పనిని విద్యుచ్ఛక్తితో నడుచు యంత్రమునకు అప్పగించుట సులభము. భుజములు నొచ్చిన కార్మికునకు యంత్రము శత్రువని చెప్పుట న్యాయము కాదు. కాని యంత్రమును వాడుటలోకూడ నేర్పు కావలయును. మిక్కిలి వడిగా తిరుగు యంత్రమున పిండి వేడెక్కును. వేడికి నేయి కరగి విడిపోవును. రోకలి మెల్లగా, బరువుగా పడుచు నేతిని పిండిలోనికి ఇముడ్చును. రోకలి చేయు ఆ పనిని గ్రహించి, దానివలెనే మెల్లగ దంచు యంత్రమును వాడిన మిఠాయియు నిలుచును, మనిషియు సుఖపడును. గ్రహింపక పిండి మెత్తనయైన చాలునని తలచిన, పేరు మాత్రమే బందరు లడ్డుగా మిగులును.

పేరును కాపాడుటకు చట్టము కలదు. ఒక ప్రాంతమున పుట్టి, ఆ ప్రాంతమువలన గుణము పొందిన వస్తువునకు భౌగోళిక గుర్తింపు ఇచ్చుటకై మన పార్లమెంటు 1999లో చట్టము చేసెను. అది 2003లో అమలులోనికి వచ్చెను. మన దేశమున ఈ గుర్తింపు మొదట పొందినది డార్జిలింగు తేయాకు. తిరుపతి లడ్డునకు 2009లోను, బందరు లడ్డునకు 2017లోను ఈ గుర్తింపు లభించెను. గుర్తింపు పొందిన పేరును ఇతర ప్రాంతములవారు తమ సరకునకు పెట్టి అమ్మరాదు. అయితే ఈ గుర్తింపు పది సంవత్సరముల కాలమునకే చెల్లును. తిరిగి తిరిగి పొందుచుండవలెను. చట్టము పేరునకు కావలి కాయగలదు. పాకము ముదిరిన క్షణమును గుర్తించు కంటిని అది తయారుచేయజాలదు. దానిని ఒకరు నేర్పవలెను, మరియొకరు నేర్వవలెను.

కొనువారికిని ఇందు భాగము కలదు. తక్కువ వెలకు దొరకు ఉండ అంతయు లాభము కాదు. నేతికి బదులు చౌక నూనెను వాడిన మిఠాయి చల్లబడినపుడు అంగిలికి మైనమువలె అంటుకొనును. మంచి లడ్డును వ్రేళ్ళతో నొక్కిన పగులక మెత్తగ విరుగును. వేగిన శనగపిండి కమ్మని వాసన వచ్చును. నాలుకపై పలుకు తగలిన అది పటికబెల్లపు పలుకే కావలయును. మంచి హల్వాను చిదిమిన సాగి విడును, వ్రేలికి నేయి తడి అంటును. ఏ నేయి వాడితిరి, ఎప్పుడు చేసితిరి అని మర్యాదగా అడుగుట కొనువారి హక్కు. సరియైన సరకునకు సరియైన వెల యిచ్చుట కొనువారి ధర్మము. చౌక సరకునే వెదకు బజారులో మంచి పనివాడు నిలువజాలడు.

బందరు బజారునకు మిఠాయి యొక్కటే అలంకారము కాదు. పట్టణములో చేరిన చిలకలపూడి బంగారు పూత నగలకు ప్రసిద్ధి. లోపల చవుక లోహము, పైన సన్నని బంగారు పూత. బంగారము కొనలేని ఇంట ఆడపిల్ల పెండ్లినాడు మెడ బోసిపోకుండ ఈ నగలు ఆదుకొనుచున్నవి. ఇది మోసము కాదు. అమ్మువారు పూతయని చెప్పియే అమ్ముదురు, కొనువారు పూతయని తెలిసియే కొందురు.

కృత్తివెన్నుకు తిరిగిపోవు దారిలో పెడన తగులును. అచ్చట కలంకారీ అద్దకము జరుగుచున్నది. బట్టను కరక్కాయ కషాయమునను, గేదె పాలలోను తడిపి ఎండబెట్టుదురు. టేకు చెక్కపై చెక్కిన అచ్చులను రంగులో ముంచి బట్టపై ఒత్తుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రవము కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడును. పటిక అద్దిన చోటున ఎఱ్ఱరంగు నిలుచును. తరువాత పారు కాలువనీట ఉతుకుదురు. పూర్వము ఈ బట్టలు ఇంగ్లండులో ఎంతగా అమ్ముడుపోయెననగా, తమ దేశపు నేతగాండ్రు నష్టపడుచున్నారని 1700లోను, 1721లోను ఆ దేశపు పార్లమెంటు అద్దకపు బట్టలను అరికట్టుచు చట్టములు చేసెను. అట్టి చట్టములను, తుపానులను దాటి ఈ విద్య నేటివరకు వచ్చినది. బెల్లము బందరులో లడ్డునకు తీపినిచ్చి, పెడనలో బట్టకు నలుపునిచ్చుట గమనింపదగిన విశేషము.

ఈసారి బందరు పోవు విద్యార్థి దుకాణదారుని అనుమతి అడిగి, వెనుకనున్న వంటశాలలోనికి ఒక్కమారు తొంగిచూడవలెను. రోలు ఏ రాతితో చేసినదో, పాకము పట్టువారు దాని పదును ఎట్లు తెలిసికొనుచున్నారో, వారికి ఆ పని నేర్పినవారెవరో అడుగవలెను. తన పని గురించి అడిగిన పిల్లవానికి విసుగుకొని బదులు చెప్పు పనివాడు అరుదు. ఆ ముచ్చటను విన్నవాడు ఇంటికి చేరి పొట్లము విప్పి తమ్ములకును, చెల్లెండ్రకును లడ్డును పంచునపుడు, దానితోపాటు దానిని చేసిన చేతుల కథనుకూడ పంచగలుగును.